కెమెరాకు కన్ను తెలుసు, వరస తెలియదు

మన ఇండ్లలో పెండ్లి కుదిరితే ముహూర్తం, ఛత్రం, వంటవాళ్లు అన్నీ ఖాయమైన తరువాత వచ్చే మాట ఫొటోలది. ఇంతకు ముందు "ఫొటోలకు ఎవరిని పిలిచినారు?" అని అడిగేవాళ్లు. ఇప్పుడు "మిర్రర్‌లెస్ కెమెరానే కదా?" అని అడుగుతున్నారు. అది ఎట్లా ఉంటుందో తెలియని పెద్దవాళ్లు కూడా అడుగుతున్నారు. ఫొటోగ్రాఫర్లు పంపే కొటేషన్‌లో "రెండు మిర్రర్‌లెస్, ఒక డ్రోన్" అని మొదటి వరుసలోనే ఉంటుంది. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మన పిల్లలు సొంతంగా కూడా కొంటున్నారు.

నా అభిప్రాయం ముందే చెప్తాను. మిర్రర్‌లెస్ మంచి కెమెరా. కొనేవాళ్లను నేను వద్దనను, నేనూ వాడుతున్నాను. అయితే తెలుగు నేల వదిలి ఎన్నో తరాలైన మన వంటి కుటుంబాల ఫొటోల్లో ఇంతకాలం తక్కువైనది పేర్లు. ఫొటో మసకగా ఉన్నా ఎవరో తెలిస్తే చాలు, గోడకు తగిలించుకుంటాం. ఎంత స్పష్టంగా ఉన్నా ఎవరో తెలియకపోతే అది అట్టపెట్టెలోకి పోతుంది. ఈ కొత్త కెమెరా స్పష్టతను ఎంతో పెంచింది, పేర్ల పనిని మాత్రం మనకే వదిలింది. పైగా ఫొటోల సంఖ్యను పెంచి ఆ పనిని ఇంకా కష్టం చేసింది. కాబట్టి కెమెరాకు పెట్టే డబ్బులో, సమయంలో కొంత భాగం పేర్లకు తీసి పెట్టాలి. ఇదే నా వాదం.

ముందు ఇది ఏమిటో చూద్దాం. పాత ఎస్ఎల్ఆర్, డీఎస్ఎల్ఆర్ కెమెరాల లోపల, లెన్స్ వెనక, ఒక చిన్న అద్దం 45 డిగ్రీల వాలుగా ఉంటుంది. లెన్స్ గుండా వచ్చిన వెలుతురును అది పైకి మళ్లిస్తుంది, పైనున్న గాజు పట్టకం దాన్ని మన కంటికి చేరుస్తుంది. బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, షట్టర్ తెరుచుకుంటుంది, వెలుతురు ఫిల్మ్ మీదో సెన్సర్ మీదో పడుతుంది, అద్దం మళ్లీ దిగుతుంది. ఛత్రంలో మనం ఇన్నేండ్లు విన్న ఆ "టపక్" శబ్దంలో పెద్ద భాగం ఈ అద్దానిదే. మిర్రర్‌లెస్‌లో ఆ అద్దం ఉండదు. వెలుతురు నేరుగా సెన్సర్ మీద పడుతుంది, సెన్సర్ చూసినదాన్ని మనం చిన్న తెర మీద చూస్తాం. ఫొటో ఎట్లా రాబోతుందో నొక్కక ముందే తెలుస్తుంది. చీకటిగా వచ్చేటట్టుంటే తెర చీకటిగానే కనిపిస్తుంది, అక్కడే సరిచేసుకోవచ్చు.

2008లో పానసోనిక్ తెచ్చిన లూమిక్స్ జీ1తో ఈ తరహా కెమెరాలు బజారుకు వచ్చినాయి. 2013లో సోనీ ఏ7 వచ్చింది. పాత ఫిల్మ్ ఫ్రేమ్‌తో సమానమైన సెన్సర్‌ను, అంటే 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్నదాన్ని, అది చిన్న బాడీలో ఇమిడ్చింది. 2018లో కెనాన్ ఈఓఎస్ ఆర్, నికాన్ జెడ్6, జెడ్7 వచ్చినాక పెండ్లి ఫొటోగ్రాఫర్లకు దారి ఖాయమైపోయింది. 2021లో వచ్చిన నికాన్ జెడ్9లో అద్దమే కాదు, కదిలే షట్టర్ కూడా లేదు.

మన ఇంటి పనులకు ఇది నిజంగా పనికొచ్చే చోట్లు ఉన్నాయి. తెల్లవారుజాము ముహూర్తాల్లో హోమం పొగ మధ్య, అరకొర వెలుతురులో, ఈ కెమెరా మనిషి కంటిని వెతికి పట్టుకుంటుంది. పాత డీఎస్ఎల్ఆర్‌లో ఫోకస్ చుక్కలు చాలావరకు నడిమధ్యలోనే ఉండేవి. ఇందులో దాదాపు ఫ్రేమ్ అంతా ఫోకస్ పనిచేస్తుంది. ఇంకొకటి, చెయ్యి వణికినా సెన్సర్ దానికి ఎదురుగా కదిలి సర్దుకోవడం. 2012లో ఒలింపస్ ఈ-ఎం5 ఐదు అక్షాల్లో కదిలే సెన్సర్‌తో వచ్చింది, ఇప్పుడు చాలా కంపెనీల కెమెరాల్లో ఉంది. ఊర్లో పాత ఇంట్లో, పైకప్పులో పెట్టిన గాజు పెంకు నుంచి పడే వెలుతురులో కూర్చున్న అవ్వను ఫ్లాష్ లేకుండా తీయవచ్చు. ఫ్లాష్ పడితే ఆమె కండ్లు మూసుకుంటుంది, గట్టిగా కూర్చుంటుంది. ఫ్లాష్ లేకుంటే మాట్లాడుతూనే ఉంటుంది.

మూడోది మనవంటి ఇండ్లకు ముఖ్యమైనది. అద్దం తీసేసినందువల్ల లెన్సుకూ సెన్సర్‌కూ మధ్య దూరం తగ్గింది. నికాన్ పాత ఎఫ్ మౌంట్‌లో ఆ దూరం 46.5 మిల్లీమీటర్లు, కొత్త జెడ్ మౌంట్‌లో 16 మిల్లీమీటర్లు. ఆ మిగిలిన ఖాళీలో ఒక ఉంగరం వంటి అడాప్టర్ బిగిస్తే తాతల కాలం లెన్సును కొత్త కెమెరాకు తగిలించవచ్చు. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి, అంతే. అటకమీది తోలు సంచిలో లెన్సు ఉంటే పారెయ్యకండి, లోపల బూజు పట్టకుండా ఉంటే అది ఇంకా పనిచేస్తుంది. చెన్నై, యానాం, గంజాం వంటి సముద్రం గాలి తగిలే ఊర్లలో ఉండేవాళ్లు కొత్త లెన్సులను కూడా మూత గట్టి డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టుకోవాలి. లెన్సు గాజుకు పట్టిన బూజును పోగొట్టడం కష్టం.

ఇబ్బందులు కూడా చెప్పాలి. తెర ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి కాబట్టి బ్యాటరీ త్వరగా అయిపోతుంది. ఒకే రకం పరీక్షలో నికాన్ డీ850 డీఎస్ఎల్ఆర్ ఒక చార్జికి 1840 ఫొటోలు తీస్తే జెడ్7కు ఇచ్చిన లెక్క 330. నిజం వాడకంలో అంతకన్నా ఎక్కువే వస్తాయి గానీ సంచిలో రెండు మూడు బ్యాటరీలు లేకుండా పెండ్లికి పోకూడదు. రెండో ఇబ్బంది ఛత్రంలో లైట్లది. శబ్దం లేని ఎలక్ట్రానిక్ షట్టర్ చాలా కెమెరాల్లో సెన్సర్‌ను పైనుంచి కిందికి వరుస వరుసగా చదువుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. మన కంటికి తెలియదు, ఫొటోలో మాత్రం అడ్డంగా నల్లచారలు పడతాయి. షట్టర్ వేగం 1/50 లేదా 1/100 పెట్టుకుంటే చాలావరకు పోతాయి. అగ్గువ ఎల్ఈడీలు వేరే వేగంతో మినుకుతాయి, వాటికి మన దగ్గర ముందురోజు సాయంత్రం జరిగే రిసెప్షన్‌లో నాలుగు ఫొటోలు తీసి పెద్దగా చేసి చూసుకోవడమే దారి. ముహూర్తం మళ్లీ రాదు కదా.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ కెమెరా కంటిని పట్టుకుంటుంది అన్నాను. ఎవరి కన్ను? చాలాసార్లు దగ్గరగా, పెద్దగా, వెలుతురులో ఉన్నవాళ్లది. మూడు తరాలు కలిసి నిలబడిన ఫొటోలో ముందు కూర్చున్న పిల్లవాడి కంటిని పట్టుకుంటుంది. వెనకాల గోడకు ఆనుకుని నిలబడిన పెద్దమ్మ మసక అయిపోతుంది. లెక్క చూడండి. 50 మిల్లీమీటర్ల లెన్సుతో, ఎఫ్ 1.8 దగ్గర, మూడు మీటర్ల దూరంలో ఉన్న మనిషిని ఫుల్‌ఫ్రేమ్ కెమెరాతో తీస్తే స్పష్టంగా వచ్చే లోతు సుమారు 40 సెంటీమీటర్లు, అంటే మూర కన్నా తక్కువ. అదే ఎఫ్ 8 పెడితే దాదాపు ఆరు అడుగులు. వెనక అంతా మసకగా ఉంటే సినిమా పోస్టర్ మాదిరి అందంగా ఉంటుంది, అందుకే చాలామంది ఎఫ్ 1.8 దగ్గరే పెట్టి తీస్తారు. ఇంటివాళ్లందరూ కలిసిన ఫొటోకు అది పనికిరాదు. అక్కడ వెనక వరుసలో ఉండేవాళ్లే మన చరిత్ర.

కెమెరాకు కన్ను తెలుసు, వరస తెలియదు. ఎవరు మేనమామ, ఎవరు పెదనాన్న, గట్టిమేళం మోగేటప్పుడు పక్కన నిలబడి కన్నీళ్లు తుడుచుకుంటున్న ఆ ముసలామె ఎవరు, ఇది దానికి ఎవరూ చెప్పలేదు. ఇదివరకు ఆ ఊరి స్టూడియో ఆయనకు ఇది తెలిసేది. ఆ ఇంట్లో అంతకు ముందు మూడు పెండ్లిళ్లు తీసి ఉండేవాడు. "మామగారూ, మీరు రాండి, మీరు లేకుంటే ఎట్లా?" అని పిలిచి నిలబెట్టేవాడు. ఇప్పుడు వచ్చే టీము బయటి ఊరిది. వాళ్ల తప్పేం లేదు, ఒక రోజులో నాలుగు వందల ముఖాలను చూసి వరసలు ఎట్లా తెలుసుకుంటారు? కాబట్టి ఆ పని మనమే చెయ్యాలి. ప్రతి పెండ్లికీ ఇంట్లో ఒక మనిషిని ఇందుకే పెట్టండి. రెండు వైపుల వరసలు తెలిసిన అత్తో చిన్నాయనో అయితే మంచిది. వాళ్ల చేతికి ముప్పై పేర్ల పట్టీ ఇవ్వండి. ఫొటోగ్రాఫర్ పక్కన నిలబడి "ఈమె పెండ్లికొడుకు నాయనకు మేనత్త, ఈమెను ఒక్కదాన్నే ఒకటి తీయి" అని చెప్పడం వాళ్ల పని. దీనికి రూపాయి ఖర్చు లేదు, ఏ కొత్త బాడీ కన్నా ఎక్కువ లాభం.

ఇది అందరికీ ఉండే సమస్యే కదా, మనకు ప్రత్యేకం ఏముంది అని అడగవచ్చు. ఉంది. కోలారు, చింతామణి, పావగడ, బళ్లారి వైపు మన ఇండ్లలో ఇంటిపేరు కాగితాల్లో చాలాచోట్ల పోయింది. స్కూల్లో చేర్చేటప్పుడు నాయన పేరులో మొదటి అక్షరం, ఊరి పేరులో మొదటి అక్షరం ముందు పెట్టి సరిపెట్టేశారు. ఇంటిపేరు పెండ్లి పత్రికలోనూ, పెద్దవాళ్ల నోట్లోనూ మిగిలింది. హోసూరు వైపు, ఒడిశాలో బ్రహ్మపుర వైపు, షోలాపూర్ చేనేత ఇండ్లలో కతలు వేరుగా ఉండవచ్చు గానీ, ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకొక భాష, ఆఫీసులో మూడో భాష అన్న సంగతి అందరికీ ఒకటే. అవ్వ తెలుగులో రాస్తే అమ్మ కన్నడంలో చదువుతుంది, పిల్లలు ఇంగ్లీషు తప్ప ఏదీ చదవరు. పాత ఫొటో వెనకాల పెన్సిల్‌తో రాసిన రెండు వరుసల తెలుగును చదివే మనిషి ఇంట్లో లేని కుటుంబాలు నాకు తెలుసు. కన్నడ మీడియంలో చదివిన నేను ఆ వరుసలను మెల్లగా కూడబలుక్కుని చదవగలిగినాను, ఎందుకంటే రెండు లిపులూ ఒకే వేరు నుంచి వచ్చినవి. తలకట్టు తేడాలు, నాలుగైదు అక్షరాల తేడాలు పట్టుబడితే వారం పది రోజుల్లో చదవడం వస్తుంది. మరాఠీ, ఒడియా, తమిళ బడుల్లో చదివినవాళ్లకు ఆ సులువు లేదు. వాళ్ల ఇండ్లలో ఈ పని ఇంకా తొందరగా కావాలి.

సంఖ్య సంగతి చూద్దాం. మన దేశంలో ఒకప్పుడు చాలా ఇండ్లలో ఉన్న అగ్ఫా క్లిక్ 3 కెమెరాలో ఒక 120 రోలుకు 12 ఫొటోలు. మూడు రోలులు వాడితే 36 ఫొటోలతో పెండ్లి అయిపోయేది. ఇప్పుడు రెండు కెమెరాలతో నాలుగు వేలు తీయడం మామూలు. ఒక్కో రా ఫైలు 30 ఎంబీ అనుకుంటే అది 120 జీబీ. 4కె వీడియో సెకనుకు 100 మెగాబిట్ల లెక్కన గంటకు 45 జీబీ. చోటు సంగతి అటుంచండి, చూసే సమయం లెక్క వేయండి. నాలుగు వేల ఫొటోలను ఒక్కోటి ఐదు సెకన్లు చూస్తే ఐదున్నర గంటలు పడుతుంది. ఒక్కసారి కూడా పూర్తిగా చూడని ఫొటోలు ఎన్ని ఇండ్లలో పెన్‌డ్రైవుల్లో ఉన్నాయో మీకే తెలుసు. 36 ఫొటోల ఆల్బమ్‌ను మాత్రం వచ్చిన ప్రతి చుట్టం తిరగేసేవాడు. తిరగేసేటప్పుడు అవ్వ పక్కన కూర్చుని "ఇది మీ నాయన మేనత్త, ముళబాగిలులో ఇచ్చినాం" అని చెప్పేది. పేర్లు ఒక తరం నుంచి ఇంకో తరానికి పోయింది ఆ తిరగేయడంలోనే. ఎక్కువ తీస్తే తప్పేంటి, మెమరీ అగ్గువే కదా అంటారు. తీయడంలో తప్పు లేదు. తీసినదాంట్లో నుంచి నలభై ఏరి అచ్చు వేయించి పేర్లు రాసే పని ఎవరూ చెయ్యకపోవడమే నష్టం.

ఫోనే ముఖాలను గుర్తుపట్టి ఒకచోట చేరుస్తుంది కదా, ఇంకా పేర్లు రాసేదెందుకు అని ఒక మేనల్లుడు అడిగినాడు. మంచి ప్రశ్న. ఆ యాప్‌లు ఒకే ముఖాన్ని ఒక గుంపుగా చేరుస్తాయి, నిజమే. ఆ గుంపుకు పేరు పెట్టాల్సింది మనిషే. పోలికలు బాగా కలిసే ఇండ్లలో తల్లినీ కూతురినీ కలిపేయడం కూడా మామూలు. ముఖం ఒకటే అని మిషన్ చెప్పగలదు, ఈమెను ఏ ఊర్లో ఇచ్చినారో, ఎందుకు రెండు ఇండ్లవాళ్లు పదేండ్లు మాట్లాడుకోలేదో అది చెప్పలేదు. ఆ సంగతి తెలిసినవాళ్లు ఇప్పుడు ఎనభై దాటినారు.

నిశ్శబ్దం గురించి కూడా ఒక మాట. శబ్దం లేని షట్టర్ పూజలో, మంత్రాల మధ్య, నిద్రపోయే పసిబిడ్డ దగ్గర ఎంతో హాయి. కానీ పాత కెమెరా శబ్దం ఒక మర్యాద పని కూడా చేసేది. "నిన్ను తీసినాను" అని ఎదుటిమనిషికి తెలిసేది, వద్దంటే ముఖం తిప్పుకునేవాళ్లు. ఇప్పుడు ఏడుస్తున్న మనిషిని, తల దువ్వుకుంటున్న ఆడపిల్లను, మంచం పట్టిన తాతను తెలియకుండా తీసేయవచ్చు. సాయంత్రానికి అది ఫ్యామిలీ గ్రూపులో ఉంటుంది. కెమెరా అడగదు కాబట్టి మనం అడగాలి. పెద్దకర్మ దగ్గర తీసేటప్పుడు ఇంటి పెద్దను ముందే అడగండి, గ్రూపులో వేసే ముందు ఫొటోలో ఉన్నవాళ్లకు చూపించండి.

ఫొటోగ్రాఫర్ల వైపు నుంచి కూడా చూడాలి. చిన్న ఊర్లలో స్టూడియో నడిపేవాళ్లు పది పన్నెండేండ్లు కూడబెట్టుకున్న డీఎస్ఎల్ఆర్ బాడీలు, లెన్సులు ఉండగానే, మనం "మిర్రర్‌లెస్సా?" అని అడిగినందుకే అప్పు చేసి కొత్తవి కొన్నారు. మంచి వెలుతురులో, తెలిసిన చేతిలో పాత డీఎస్ఎల్ఆర్ తీసిన ఫొటోను, కొత్తదాన్ని ఆల్బమ్ సైజులో పక్కపక్కన పెడితే మనలో చాలామంది తేడా చెప్పలేరు. కాబట్టి కెమెరా పేరు అడగడం మానేసి నాలుగు మాటలు అడగండి. ఫొటోలు తీసేటప్పుడే రెండు కార్డుల్లో పడతాయా? మీ దగ్గర ఎన్నాళ్లు పెట్టుకుంటారు? ఒరిజినల్ సైజు జేపెగ్‌లు అన్నీ ఇస్తారా? ఆల్బమ్‌లో ఫొటో కింద పేర్లు వేస్తారా, తెలుగులో వేయగలరా? మా బంధువుల్లో ఒకరికి పెండ్లయిన రెండేండ్లకు హార్డ్‌డిస్క్ చెడిపోతే, తీసినాయన దగ్గర అప్పటికే చెరిపేసి ఉన్నారు. ఎన్నాళ్లు పెట్టుకోవాలో ఆ ఒప్పందంలో ఎవరూ రాసుకోలేదు. మిగిలింది ఆల్బమ్ ఒక్కటే. పేర్లు వేసిన ఆల్బమ్‌కు రెండు రోజుల పని ఎక్కువ పడుతుంది, దానికి డబ్బు అడిగితే బేరం ఆడకుండా ఇవ్వాలి. డ్రోన్ తీసేయండి, ఆ డబ్బు దీనికి సరిపోతుంది.

ఇంట్లో ఇప్పటికే మిర్రర్‌లెస్ ఉన్నవాళ్లకు దాన్ని మించిన పని ఇంకొకటి ఉంది. అది పాత ఫొటోలకు నకలు తీయడం. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫొటోలో 6000 బై 4000 చుక్కలు ఉంటాయి. 6 బై 4 అంగుళాల పాత ఫొటోను ఫ్రేమ్ నిండా తీస్తే అంగుళానికి 1000 చుక్కలు. ఇంటి వాడకానికి ఇది చాలా ఎక్కువ. మంచి మ్యాక్రో లెన్సు ఉంటే సరి, లేకున్నా దగ్గరగా ఫోకస్ అయ్యే లెన్సు చాలు. కెమెరాను ట్రైపాడ్ మీద నిట్టనిలువుగా కిందికి చూసేటట్టు బిగించండి. ఫొటోకు రెండు పక్కలా ఒకే రకం దీపాలు 45 డిగ్రీల వాలుగా పెట్టండి. ఐఎస్ఓ 100, ఎఫ్ 8, రెండు సెకన్ల టైమర్. తెర మీద బొమ్మను పెద్దది చేసి ముఖం మీద ఫోకస్ తిప్పుకోండి. అద్దం లేదు కాబట్టి దాని అదురు కూడా లేదు. మెరిసే కాగితమైతే కెమెరా చుట్టూ నల్లగుడ్డ కప్పండి. ఊటీలో ఉండిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి ఇందు కాగితం మీద వేసిన నలుపు తెలుపు ఫొటోలు దక్షిణాదిన ఎన్నో ఇండ్లలో ఉన్నాయి, వాటికి ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. ఫ్రేమ్ గాజుకు అతుక్కుపోయిన ఫొటోను పీకవద్దు, చిరుగుతుంది. గాజుతో సహా తీయండి. నెగటివ్‌లు ఉంటే వెనకనుంచి తెల్ల వెలుతురు వేసి తీసి, కంప్యూటర్‌లో తిరగేసుకోవచ్చు.

ముఖ్యమైనది, వెనకవైపు కూడా తీయండి. స్టూడియో ముద్ర, తేదీ, ఎవరో రాసిన అరవరుస, అన్నీ ఆ పక్కే ఉంటాయి. తీసిన వెంటనే పెద్దవాళ్ల పక్కన కూర్చుని పేర్లు అడగండి. "ఏం నాయనా, ఇందులో మీ ముత్తవ్వ ఎవరో నువ్వే చెప్పు చూద్దాం" అని వాళ్లు మనల్నే పరీక్షిస్తారు. ఆ మాటలను కూడా వదలకండి. అదే మిర్రర్‌లెస్‌ను వీడియోలో పెట్టి, కాలరుకు తగిలించే చిన్న మైకు ఒకటి వాళ్లకు పెట్టి, కిటికీ పక్కన కూర్చోబెట్టండి. మైకు ఏ లెన్సు కన్నా అగ్గువ. కొన్ని పాత మోడళ్లు 29 నిమిషాల 59 సెకన్లకు వీడియో ఆపేస్తాయి, గడియారం చూసుకుంటూ ఉండాలి. వాళ్లు మాట్లాడే కోలారు తెలుగు, బ్రహ్మపుర తెలుగు, షోలాపూర్ తెలుగు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. వాళ్లతోనే ఉంది. మిర్రర్‌లెస్ లేదా? ఫోను వాడండి. పగటి వెలుతురులో ఫోను వీడియో చక్కగా వస్తుంది. కెమెరా కొన్నాక చేద్దాంలే అని వాయిదా వేయడానికి ఆ వయసులో సమయం ఉండదు.

చివరగా దాచే సంగతి. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మా పనిలో తిరిగి తెరిచి చూడని బ్యాకప్‌ను బ్యాకప్ కింద లెక్కపెట్టరు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి వేరే ఊర్లో ఉండే బంధువు ఇంట్లో. ఏడాదికి ఒకసారి, ఉగాదికి అనుకోండి, ప్రతి డిస్కులో నుంచి పది ఫొటోలు తెరిచి చూడండి. రా ఫైళ్లు ఒక్కో కంపెనీకి ఒక్కో రకం, ముప్పై ఏండ్ల తరువాత ఏ సాఫ్ట్‌వేర్ తెరుస్తుందో నమ్మకం లేదు. ఏరిన ఫొటోలను జేపెగ్‌గా కూడా పెట్టండి. పేర్లను ఫొటో ఫైలులోనే క్యాప్షన్ గడిలో రాయవచ్చు, యూనికోడ్ కాబట్టి తెలుగు, కన్నడం, తమిళం ఏదైనా పడుతుంది. నికాన్ డీ3300 డీఎస్ఎల్ఆర్ మెనూలో తెలుగు, తమిళం, మరాఠీ ఉండేవి, కన్నడం లేదు. మెనూ ఏ భాషలో ఉన్నా మనకు నడుస్తుంది, క్యాప్షన్ మాత్రం మన భాషలో ఉండాలి. ఇంకొక జాగ్రత్త. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే లోపల రాసినవి పోతాయి, సైజూ తగ్గుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉంటాయి. ఎట్లా అయినా, కాగితం మీద వేసి వెనకాల పెన్సిల్‌తో రాసిన ప్రతి ఒకటి ఉండాలి. దాన్ని తెరవడానికి పాస్‌వర్డ్ అక్కర లేదు.

కాబట్టి మన కుటుంబాలకు నేను చెప్పేది చిన్న పని. వచ్చే పండగకు అందరూ కలిసినప్పుడు ఒక్కో ఇంటినుంచి పది ఫొటోలు తీసుకుని రండి, పాతవి ఐదు, ఈ మధ్యవి ఐదు. ప్రతి ఫొటోకూ నాలుగు సంగతులు రాద్దాం: ఎవరు, ఇంటిపేరు ఏమిటి, మనకు ఏ వరస, ఏ ఊరు. తెలుగులో ఒకసారి, పిల్లలు చదివే లిపిలో ఒకసారి. మిర్రర్‌లెస్ ఉన్న పిల్లలు నకలు తీసే పని చూసుకోండి, పెద్దవాళ్లు చెప్పే పని చూసుకోండి. రాసే పని నేను తీసుకుంటాను.